బీమా కాగితం బీరువాలో ఉంటే చాలదు

“కార్డు ఉందా అమ్మా?”

పెద్దాసుపత్రిలో అడుగు పెట్టగానే మనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి అనేవి ఆ తర్వాత వస్తాయి. 2022లో, దసరా వెళ్ళిన వారానికి, మా పిన్ని కూతుర్ని పట్టుకుని హైదరాబాదులో ఒక ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడ్డప్పుడు నన్నూ అదే అడిగారు. “ఉంది, ఉంది” అంటూ సంచిలోంచి తీసి గర్వంగానే ఇచ్చాను. కౌంటరులో అబ్బాయి కంప్యూటర్లో చూసి, కార్డు మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

“ఇందులో ఈ అమ్మ పేరు లేదు మేడమ్.”

మా చెల్లెది పుట్టిల్లు నిర్మల్ దగ్గర పల్లె. అత్తగారిల్లు మెట్‌పల్లి దగ్గర. మా బావ దుబాయిలో కూలి పని చేస్తాడు. ఇది ఇంట్లో బీడీలు చేస్తుంది. ఏడాదిగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, బిందె ఎత్తితే ఆయాసం. అడిగితే “గది తంబాకు వాసనకు అక్కా, గంతే” అనేది. రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటున్నదని వాళ్ళ అత్తమ్మ చెప్పేదాకా మాకు తెలియనే తెలియదు. కరీంనగర్ డాక్టరు పరీక్ష చేసి, చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల గుండెలో కవాటం ఒకటి పాడైందనీ, ఆపరేషన్ చేయించాలనీ, ఆలస్యం చేయొద్దనీ చెప్పాడు. గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉంటాయని ఆయనే ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యంతోనే బస్సెక్కాం.

తీరా చూస్తే కార్డులో అత్త పేరుంది, మామ పేరుంది, భర్త పేరుంది, చదువుకుంటున్న మరిది పేరుంది. దీని పేరూ లేదు, దీని ఇద్దరు పిల్లల పేర్లూ లేవు. నిర్మల్‌లో మా పిన్ని కార్డులో చూస్తే, “పెండ్లయి పోయింది గదా” అని అక్కడ ఎప్పుడో తీసేశారు. ఏడేళ్ళ కిందట తల్లిగారింటి కార్డులోంచి పోయిన పేరు అత్తగారింటి కార్డులోకి ఇంకా చేరలేదు. అంటే ఏడేళ్ళుగా మా చెల్లె ఏ ఇంటి మనిషీ కాదన్నమాట! ఆమె చేసిన బీడీల లెక్క ఉంది, ఆమె వండిన అన్నం ఉంది, ఆమె కన్న పిల్లలున్నారు. ఆమె పేరొక్కటే లేదు.

పుస్తెలతాడు కుదువబెట్టారు. మహిళా సంఘంలో అప్పు తీసుకున్నారు. బావ దుబాయిలో తోటివాళ్ళ దగ్గర చేబదులు తెచ్చి పంపాడు. ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది. కానీ అప్పు తీర్చడానికి మా బావ ఇంటికి రావలసిన ఏడాది రాకుండా అక్కడే ఉండిపోయాడు. ఒక్క పేరు రాయనందుకు ఆ ఇల్లు కట్టిన జరిమానా అది.

పేరంటే ఆరు కిలోల బియ్యమేనా?

ఈ విషయంలో తప్పెవరిదని నాలో నేను చాలా తర్కించుకున్నాను. అత్తమ్మను తప్పు పట్టబోతే ఆమె అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. “బియ్యం సరిపోతున్నయి గద బిడ్డా, ఒక్క పేరుకు ఆరు కిలోలు ఎక్కువొస్తయని మీసేవ సుట్టు ఎవరు తిరుగుతరు?” ఆమె లెక్కలో ఆమెది తప్పు కాదు. రేషన్ కార్డంటే బియ్యం కార్డనే మనందరి లెక్క. ఆ కార్డే రేపు దవాఖాన మెట్ల మీద మన ప్రాణానికి పూచీ అని ఎవరు చెప్పారు మనకు?

ఆ పథకం ఎట్లా పుట్టిందో కాస్త చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ తర్వాత దశలవారీగా మిగతా జిల్లాలకూ వచ్చింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షా 50 వేలు, అవసరమైతే పైన మరో 50 వేలు. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షల పథకం తెచ్చింది. మన రాష్ట్రం 2021లో అందులో చేరి, రెండింటినీ కలిపి నడపడం మొదలుపెట్టింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. 2024లో మరికొన్ని చికిత్సలు చేర్చడంతో జాబితా 1,835కు చేరింది.

10 లక్షలు! మన ఊళ్ళలో ఒక మనిషి జన్మంతా బీడీలు చుట్టినా కూడబెట్టలేని సొమ్ము. అంత భరోసా ఒక కార్డు మీద, అందులో ఉన్న పేర్ల మీద ఆధారపడి ఉంది. ఆ పేర్లలో ఇంటి కోడలు పేరు ఉందో లేదో మాత్రం ఇంట్లో ఎవరూ చూడరు.

అట్లాగని తప్పంతా ఇంటివాళ్ళ మీద వేస్తే అన్యాయం. పేరు చేర్చమని దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు మన జిల్లాల్లో ఎంతమందో. తీసేయడం వెంటనే అయ్యేది, చేర్చడం మాత్రం కాదు. 2025లో కొత్త కార్డులు, కొత్త పేర్లు ఇవ్వడం మొదలయ్యాకే చాలా ఇళ్ళల్లో కోడళ్ళకూ పసిపిల్లలకూ కార్డులో చోటు దొరికింది. నేను అడిగేదొక్కటే. ఒక ఆడపిల్ల పేరు ఒక కార్డులోంచి తీసే రోజునే రెండో కార్డులో చేర్చలేరా? ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటికి వెళ్ళిందని ఆధార్‌లో కనబడుతూనే ఉంటుంది కదా! పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఆడపిల్ల పేరు గాలిలో వేలాడే ఆ ఖాళీ కాలాన్ని లేకుండా చేయడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు.

అమెరికాలో పెళ్ళి, మన దగ్గర పెళ్ళి

మా వీధిలో ఒకావిడ కూతురు డల్లాస్‌లో ఉంటుంది. కరీంనగర్‌లో ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురైనా అక్కడ ఉన్నారు కదా. ఈమధ్య వచ్చినప్పుడు ఆ అమ్మాయి చెబుతుంటే ఆశ్చర్యంగా విన్నాను. అక్కడ 2010లో పెద్ద ఆరోగ్య చట్టం వచ్చింది. అందరూ ఒబామా కేర్ అంటారు. ఉద్యోగం తరఫున బీమా లేనివాళ్ళు ఏటా నవంబరు 1 నుంచి మొదలయ్యే గడువులోపల పేరు నమోదు చేసుకోవాలి. ఆ గడువు దాటితే మామూలుగా మళ్ళీ ఏడాది దాకా ఆగాల్సిందే. కానీ కొన్ని సందర్భాలకు మినహాయింపు ఉంది. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, ఉద్యోగం తరఫున ఉన్న బీమా పోయినా 60 రోజుల్లోపు కొత్తగా చేరవచ్చు. ముందే జబ్బుందని ఏ కంపెనీ కాదనడానికి వీల్లేదు. పిల్లలు 26 ఏళ్ళు వచ్చేదాకా తల్లిదండ్రుల పాలసీలో ఉండొచ్చు.

అక్కడ అంతా బాగుందని నేను అనను. ఆసుపత్రి బిల్లులకు అక్కడివాళ్ళూ భయపడతారని ఆ అమ్మాయే చెప్పింది. కానీ ఒక్క మాట నా మనసులో నాటుకుపోయింది. అక్కడ పెళ్ళయితే బీమాలో చేరడానికి ఒక తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ మా చెల్లెకు పెళ్ళయితే ఉన్న తలుపు మూసుకుంది. పెళ్ళి పనుల జాబితాలో మంగళసూత్రం, మట్టెలు, అరణం కుండలు అన్నీ రాస్తాం. “అమ్మాయి పేరు కార్డులో చేర్పించడం” అని ఒక్క గీత కూడా రాసుకుంటే ఏం పోతుంది? చాలా ఆఫీసుల బీమాల్లో కూడా కొత్తగా పెళ్ళైన భార్య పేరు ఇన్ని రోజుల్లోపు ఇవ్వాలన్న గడువు ఉంటుంది. అదీ ఎవరికీ గుర్తుండదు.

చదువుకున్నదాన్ని నేనేం చేశాను?

ఇంతవరకూ పల్లె సంగతి చెప్పి, పట్నంలో ఉన్న నా సంగతి దాచేస్తే అది నిజాయితీ అనిపించుకోదు. నేను డిగ్రీ చదివాను. నాలుగు కథలు రాశాను. కథలో ఒక కామా తప్పు పడితే రెండు రోజులు నిద్ర పట్టదు నాకు. అలాంటిదాన్ని, నా ఆరోగ్యానికి సంబంధించిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను.

మాకు తెల్లకార్డు లేదు. మావారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. పల్లెల్లో లక్షా 50 వేలు, పట్నాల్లో 2 లక్షలు దాటిన ఏడాది ఆదాయం ఉంటే ఆ కార్డుకు అర్హత లేదు. అంటే మేం పేదవాళ్ళం కాదన్నమాట, కానీ ఒక్క ఆపరేషన్ వస్తే పేదవాళ్ళమైపోతాం! ఆ భయంతోనే తెలిసినాయన ద్వారా ఒక పాలసీ తీసుకున్నాం. నాకు థైరాయిడ్ ఉందని చెప్పబోతే “అవన్నీ రాస్తే లేనిపోని తలనొప్పి మేడమ్, నేను చూసుకుంటా కదా” అని ఆయన అన్నీ ‘లేదు’ అని కొట్టేశాడు. నేను టీ కలుపుతూ, ఆయన వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకాలు చేశాను.

పద్నాలుగు నెలలకు గర్భసంచిలో గడ్డలని తేలింది. ఆపరేషన్ చేయించుకున్నాను. పాలసీ ఉందన్న ధీమాతో వెళితే, గర్భసంచి గడ్డలకు రెండేళ్ళ నిరీక్షణ కాలం ఉందంటూ క్లెయిమ్ తిరగ్గొట్టారు. పోట్లాడదామని పాలసీ పుస్తకం తీశాను. నిజమే, అందులో రాసే ఉంది. నా సంతకం దాని కిందే ఉంది. అప్పుడు చదివాను పుస్తకమంతా, మొదటిసారి.

ఆ చదువు నాకు 68 వేలకు వచ్చింది. మీకు ఊరికే చెబుతాను, వినండి.

పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు సాధారణంగా వర్తించదు. హెర్నియా, కంటి శుక్లాలు, రాళ్ళు, గర్భసంచి జబ్బులు వంటివాటికి రెండేళ్ళు, ఒక్కోచోట మూడేళ్ళు ఆగాలి. ముందునుంచే ఉన్న జబ్బులకు ఇదివరకు నాలుగేళ్ళ దాకా ఆగమనేవాళ్ళు. 2024లో బీమా నియంత్రణ సంస్థ దాన్ని ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళకు తగ్గించింది. అరవై అయిదు దాటితే పాలసీ ఇవ్వమనే అడ్డునూ తీసేసింది. ఉన్న జబ్బు దాస్తే మాత్రం ఆ దాచిన పాపం క్లెయిమ్ రోజున మన మెడకే చుట్టుకుంటుంది. దాయించినాయన మెడకు కాదు. అయిదేళ్ళు విడవకుండా కట్టిన పాలసీని మాత్రం, మోసం రుజువైతే తప్ప, ‘మీరు చెప్పలేదు’ అన్న సాకుతో కాదనడానికి లేదు. అందుకే మధ్యలో ఒక్క ఏడాది కూడా మానకూడదు.

ఇంకో చిక్కు గది అద్దె. మన పాలసీ 3 లక్షలనుకోండి. అందులో రోజుకు ఒక శాతం, అంటే 3 వేల గది అని ఉందనుకోండి. మనం 6 వేల గదిలో చేరితే పైన 3 వేలే కదా మన చేతి నుంచి పడేది అనుకుంటాం. అట్లా కాదు. గదితో పాటు పెరిగే డాక్టరు ఫీజులు, నర్సు ఖర్చులు, ఆపరేషన్ థియేటరు ఖర్చుల్లో కూడా సగమే ఇస్తారు. బంధువులు చూడటానికి వస్తారని మంచి గది తీసుకుని, బంధువులు వెళ్ళాక బిల్లు చూసి ఏడ్చిన ఇల్లు నాకు తెలుసు.

మరి ఇంత చిన్న అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు ఎవరు చదువుతారు అంటారా? పాలసీతో పాటు ముఖ్యమైన విషయాలన్నీ క్లుప్తంగా రాసిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే కాగితం ఇస్తారు. అడిగితే అది మన భాషలో ఇవ్వాలి. తెలుగులో ఇమ్మని అడగండి. సిగ్గుపడకండి. చీర కొనేటప్పుడు కొంగు విప్పించి, అంచు తిప్పించి, వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తామే, దానికన్నా ఇది తక్కువదా? పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు కూడా. విడిగా కొనుక్కునే ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. అంతకుముందు అది 18 శాతం ఉండేది. కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడికి ఫీజు అక్కర్లేదు, లాయరు అక్కర్లేదు.

“ఇన్సూరెన్సు ఉందిగా, తీసేద్దాం”

నా ఆపరేషన్ కథలో చెప్పని ముక్క ఒకటి ఉంది. మొదట చూపించుకున్న ఆసుపత్రిలో గర్భసంచే తీసేద్దామన్నారు. “ఇద్దరు పిల్లలున్నారు, ఇన్సూరెన్సు ఉంది, ఇంక ఆలోచన దేనికి?” అన్నారు. అక్కడే ఉన్న మా అత్తయ్య కూడా “పీడ వదులుద్ది” అంది. ఎందుకో మనసొప్పక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె స్కానింగులు చూసి, గడ్డలు మాత్రం తీస్తే సరిపోతుందంది. అట్లాగే చేసింది. ఇప్పుడు బాగానే ఉన్నాను.

దేశంలో గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ బీమా డబ్బు కోసం పేద ఆడవాళ్ళకు అవసరం లేకపోయినా ఆ ఆపరేషన్లు చేశారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఇలాంటివి జరగకుండా కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ముప్పయ్యేళ్ళకే గర్భసంచి పోతే ఎముకలు బలహీనపడటం, వేడి ఆవిర్లు, గుండె జబ్బుల ముప్పు, వీటన్నిటినీ ఆ తర్వాత మనమే మోయాలి. వాటికి ఏ కార్డూ లేదు.

బీమా ఉండటం మనకు బలం కావాలి గానీ, మన ఒంట్లో ఒక భాగాన్ని బిల్లుగా మార్చే సాకు కాకూడదు. డబ్బు మన చేతి నుంచి పోవడం లేదు కదా అని దేనికైనా తలూపకూడదు. పోయేది ఒళ్ళు. ప్రాణం మీదికొచ్చిన తొందర ఉంటే తప్ప, ఆపరేషన్ అనగానే రెండో డాక్టరు మాట కూడా వినాలి.

తెలియక వదిలేసుకుంటున్నవి

మా పక్కింటి అమ్మాయి బట్టల షోరూములో పని చేస్తుంది. జీతం 15 వేలు. వాళ్ళమ్మకు షుగరు. నెలనెలా మందులకే రెండు వేలు పోతున్నాయని ఒకరోజు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జీతం చీటీ చూపించమన్నాను. అందులో ఈఎస్‌ఐ అని 112 రూపాయల యాభై పైసలు కోత! “అదేందో అక్కా, అందరికీ కోస్తరు” అంది. 21 వేల లోపు జీతం ఉండి, పదిమంది పని చేసే చోట అయితే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మన జీతంలో ముప్పావు శాతం కోస్తే యజమాని మూడుంపావు శాతం కడతాడు. ఆ కార్డు మీద తన మీద ఆధారపడ్డ తల్లికి కూడా డిస్పెన్సరీలో మందులు వస్తాయి. ఆమెకే కాన్పు అయితే 26 వారాలు జీతం బదులు డబ్బు వస్తుంది. ఆరోగ్యశ్రీలో లేనిది, రోజువారీ ఓపీ, మందులు, ఈఎస్‌ఐలో ఉంది. రెండేళ్ళుగా డబ్బు కడుతూ, రెండేళ్ళుగా మందులు బయట కొనుక్కుంటున్నది ఆ పిచ్చితల్లి.

డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల చికిత్సకు ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో కేంద్రం ప్రకటించింది. ఆధార్ ఉంటే చాలు. పింఛను వచ్చే రిటైర్డు మాస్టారు భార్యలూ, మా అత్తయ్య లాంటివాళ్ళూ ఎంతమందికి ఇది తెలుసు? గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు గనుల ఇళ్ళల్లో సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కంపెనీ దవాఖానే దిక్కు. రిటైరయ్యాక వర్తించే వైద్య పథకం వేరు, దానికి విడిగా డబ్బు కట్టి చేరాలి. భర్త రిటైరయ్యే నెలలోనే ఇల్లాలు దాని గురించి అడగాలి. దుబాయిలో మగవాళ్ళకు అక్కడి చట్టం ప్రకారం యజమాని బీమా చేయించాలి. కానీ అది అక్కడి మనిషికే. మెట్‌పల్లిలో బీడీలు చుట్టే భార్యకు కాదు.

కార్డు ఉంటే అన్నీ తీరిపోతాయా?

తీరవని నాకూ తెలుసు. ఉట్నూరు, ఇంద్రవెల్లి గూడేల్లోని గోండు ఆడవాళ్ళ చేతిలో కార్డు ఉన్నా, ఆదిలాబాద్ రిమ్స్ దాకా రావడమే ఒక ప్రయాణం. అక్కడ కాకపోతే హైదరాబాదు, సుమారు 300 కిలోమీటర్లు. తోడు వచ్చే మనిషికి కూలి పోతుంది. బీపీ, షుగరు మాత్రల ఖర్చు నెలనెలా ఇంటిని కొరుక్కు తింటుంటే ఆరోగ్యశ్రీ ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ళనే పట్టించుకుంటుంది. బకాయిలు రాలేదని 2025లో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులూ చూశాం. ప్రభుత్వమూ ఆసుపత్రీ డబ్బు లెక్క దగ్గర పోట్లాడుకుంటే, మధ్యలో స్ట్రెచర్ మీద ఉండేది మనమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ, మందులూ ఉంటే సగం ఆపరేషన్ల దాకా రానే రాము. బీమా పెంచామని చెప్పి సర్కారు దవాఖానను చిన్నచూపు చూస్తే ఒప్పుకోకూడదు.

కానీ ఇవన్నీ బాగుపడేదాకా మనం కళ్ళు మూసుకుని కూర్చోలేం కదా. కార్డు లేనప్పుడు ఏం చేస్తాం? బిల్లులు పట్టుకుని ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఎమ్మెల్యే గారి ఇంటి ముందు నిలబడతాం. అది దయ. కార్డులో పేరు హక్కు. దయ కోసం పది గుమ్మాలు ఎక్కడానికి మొహమాటపడని మనం, హక్కు కోసం ఒక్క గుమ్మం ఎక్కడానికి ఎందుకు బద్ధకించాలి?

తెల్లకార్డున్నవాళ్ళను కూడా బెదిరించి పాలసీలు అంటగట్టే ఏజెంట్లున్నారు. ముందు మీకు ఇప్పటికే ఏముందో తెలుసుకుని, ఆ తర్వాత కొనడం సంగతి ఆలోచించండి.

ఈ ఆదివారం ఒక గంట

ఇంటిపని అయ్యాక ఒక్క గంట కూర్చోండి చాలు. కార్డు తీసి ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. ముఖ్యంగా కోడలు పేరు, చంటిపిల్లల పేర్లు, మీ పేరు. లేకపోతే మీసేవలో దరఖాస్తు పెట్టి రసీదు దాచుకోండి. ఆధార్‌లో పేరూ, కార్డులో పేరూ ఒకేలా ఉన్నాయా చూడండి. మీవారి జీతం చీటీ అడిగి, ఏం కోస్తున్నారో, ఆఫీసు బీమాలో మీ పేరుందో లేదో తెలుసుకోండి. సొంత పాలసీ ఉంటే నిరీక్షణ కాలం, గది అద్దె, ఏటా కట్టాల్సిన తేదీ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. దగ్గరలో ఏ ఆసుపత్రి ఏ పథకంలో ఉందో 104కు ఫోన్ చేస్తే ఆరోగ్యశ్రీ సంగతి చెబుతారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు. చేరేటప్పుడే ఆ మనిషిని కలవండి. ఆరోగ్యశ్రీ కింద చేరితే పరీక్షలు, మందులు, భోజనం అన్నీ ఆ ప్యాకేజీలోనే. ఎవరైనా విడిగా డబ్బు అడిగితే అక్కడే, అప్పుడే ఫిర్యాదు చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి. మన నొప్పిని మనం పైకి చెప్పాలి. “ఏమైతది తియ్” అని గోడకు ఆనుకుని కూర్చునే రాత్రులు వద్దు. ఇంట్లో అందరి జ్వరాలూ మనకు గుర్తుంటాయి, మన ఆయాసం మాత్రం మనకే పట్టదు. కార్డులో పేరు లేకపోవడానికీ, నోటి మీద నొప్పి రాకపోవడానికీ మూలం ఒకటే. ఇంట్లో మనల్ని మనం చివరి మనిషిగా లెక్కేసుకోవడం.

2025లో ఒకరోజు పొద్దున్నే మా చెల్లె ఫోన్ చేసింది. ఇంత పొద్దున్నే ఏమైందోనని భయపడ్డాను. గొంతు హుషారుగా ఉంది.

“అక్కా, కార్డుల నా పేరొచ్చింది. పిల్లలయి గుడ వచ్చినయి. ఇగ నేను గీ ఇంటి దాన్నే!”

పెళ్ళయిన పదేళ్ళకు అన్న మాట అది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అనడానికి పదేళ్ళు ఎదురుచూస్తున్నారేమో, ఈ పేజీ పక్కన పెట్టి ఒకసారి లేచి చూడండి. కార్డు ఎక్కడుంది? అందులో ఎవరెవరున్నారు?